గటక నేర్చుకున్న టీచరమ్మ

పోయిన గురువారం పొద్దున మా అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకు పప్పు కడుగుతుంటే ఫోన్ మోగింది. "అమ్మ తెల్లారుజామున నిద్రలోనే పోయింది అక్కా" అంది టీచరమ్మ కూతురు. పిల్లల ఆకలి ఆగదు కాబట్టి, వాళ్లకు అన్నం పెట్టాకే ఆవిడ ఇల్లున్న అశోక్‌నగర్ వెళ్లాను. ఆవిడ ఉంటే అలాగే చెయ్యమనేవారు.

నారాయణగూడలో నేను చదువుకున్న బడిలో ఆవిడ హోంసైన్సు చెప్పేవారు. నేను చిక్కడపల్లి వెనక బస్తీలో అంగన్‌వాడీ టీచర్‌గా చేరానని తెలిసి, రిటైరైన ఏడాది, 2011లో, వెతుక్కుంటూ వచ్చారు. "తల్లులకు తిండి గురించి నాలుగు మాటలు చెప్త. వారానికొక్క పూట చాలు" అన్నారు. ఆ ఒక్క పూట మూడేళ్లు, పోయిన నెల దాకా సాగింది.

నిజం చెప్పాలంటే, మొదట్లో ఆవిడ పాఠాలు ఎవరికీ పట్టలేదు. ఆపిల్, పాలగ్లాసు బొమ్మలున్న చార్టు గోడకు తగిలించి చెప్పేవారు. పాలమూరు నుంచి వచ్చి అడ్డా మీద కూలికి నిలబడే తల్లులు తలలూపి వెళ్లిపోయేవారు. వాళ్లలో ఒకామెకు పది నెలల ఆడపిల్ల. తూకం వేస్తే, ఎదుగుదల కార్డు మీద పిల్ల బరువు చుక్క ఎర్రగీత కిందికి జారింది. ఏం పెడుతున్నావంటే చాయ్‌లో బిస్కెట్ అంది.

"చాయ్ పోసి పిల్లను పెంచుతరా ఎవరన్న? తల్లివేనా నువ్వు?" అనేశారు టీచరమ్మ, అందరి ముందు.

ఆమె పిల్లను చంకనేసుకుని లేచింది. "మీ బొమ్మలల్ల ఉన్నయి మా ఇంట్ల లేవు మేడం" అంది. మళ్లీ రాలేదు.

రెండు వారాలు చూసి టీచరమ్మ నాతో, "నోరు జారిన. నా కోపానికి ఆ పిల్ల ఎండిపోతది. పా, పోదాం" అన్నారు. మర్నాడు ఆమె అడ్డాకు పోకముందే, ఆరింటికల్లా ఆ కిరాయి గదికి వెళ్లాం. టీచరమ్మ గడప బయటే నిలబడ్డారు. "తప్పైంది బిడ్డా. నీ ఇంట్ల ఏముందో అడగకుండనే పాఠం చెప్పిన."

ఆమె పక్కకు జరిగి లోపలికి దారిచ్చింది. తర్వాత చాప వేసింది.

అప్పుడు తెలిసింది సంగతి. తెల్లారి వండిన అన్నం మధ్యాహ్నానికి గట్టిపడుతోంది, పిల్ల మింగలేకపోతోంది. పగలంతా చూసుకునేది అత్త. పిల్ల ఏడిస్తే ఆమే చాయ్‌లో బిస్కెట్ నానబెట్టి పెడుతోంది. మేం ఇన్నాళ్లూ పాఠం చెప్పాల్సిన మనిషి అసలు సెంటర్‌కే రాలేదు.

"ఊర్ల పిల్లలకు ఏం పెడుతుంటివి అవ్వా?" అని ఆ అత్తను అడిగారు టీచరమ్మ.

"జొన్న గటక పెడుతుంటిమమ్మా. ఈడ పట్నంల నవ్వుతరని ఇడిసిపెట్టిన."

"నాకు రాదు. జర నేర్పిస్తవా?"

అవ్వ నమ్మలేనట్టు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ రోజే పిల్లను ఆసుపత్రిలో చూపించాం. మర్నాడు జొన్నరవ్వ పట్టుకెళ్లాం. అవ్వ ఆ రవ్వతో చిక్కటి గటక ఉడికిస్తుంటే, టీచరమ్మ మెదిపిన పప్పు, మెత్తగా దంచిన పల్లీపొడి, ఒక చెంచా నూనె కలిపించారు. గరిటె వంచి చూపించారు. "జారిపోవద్దు అవ్వా, ఇట్ల నిలవాలె. నీళ్లలెక్క ఉంటే కడుపు నిండుతది గని ఒళ్లు పెరగది."

ఆ వారమే చార్టు చుట్టి అటక మీద పెట్టేశారు. "ముందు వాళ్ల వంట మనం నేర్చుకోవాలె" అన్నారు. అప్పట్నుంచి వారానికొకరు వండేవారు, తల్లో, అవ్వో. ఆవిడ పక్కన కూర్చుని ఒక గుప్పెడు మునగాకో, ఒక గుడ్డో చేర్పించేవారు. అంతే.

మొదటి నెల పిల్ల చుక్క కదల్లేదు. టీచరమ్మ పిల్లను దింపి మళ్లీ తూకం వేయించారు. రెండో నెల కొంచెం పైకి జరిగింది. చలికాలం వెళ్లేసరికి ఆకుపచ్చరంగులోకి వచ్చింది. ఆ రోజు తల్లి పని మానుకుని మరీ వచ్చి, "ఎత్తుకుంటే చెయ్యి గుంజుతుంది మేడం" అని ఫిర్యాదులా చెప్పింది. టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆవిడ చివరిసారి సెంటర్‌కు వచ్చింది నెల కిందట. ఆయాసంతో పిల్లల బుల్లి కుర్చీలోనే కూలబడ్డారు. మూడేళ్లు దాటిన ఆ పిల్ల ఇప్పుడు మా దగ్గరే ఆడుకుంటుంది. దాన్ని పిలిచి, "పండ్లు ఎన్నొచ్చినయే?" అంటూ నోట్లో వేలు పెట్టి లెక్కపెట్టబోయారు. అది కసుక్కున కొరికింది. దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లి "అయ్యో మేడం!" అంటూ పరుగెత్తుకొచ్చింది. టీచరమ్మ మాత్రం పళ్లగాట్లు పడ్డ వేలు పైకెత్తి, "చూడుండ్రి, ఎంత బలముందో!" అంటూ, ఆటో ఎక్కేదాకా గల్లీలో కనబడ్డ వాళ్లందరికీ చూపిస్తూ వెళ్లారు.