రంగులక్క వేసిన పసుపు

ఆ వీధిలో ఇళ్ల రేట్లు పెరగడానికి రంగులక్కే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్లానింగ్ ఆఫీసులో ఉద్యోగం కదా, సొంత లాభం చూసుకుని తన వీధికి పసుపు పులిమేసిందట.

పసుపు వేసిన మాట నిజమే. ఊరికి మొదటిసారి ప్లాను గీస్తున్న రోజులవి. అంతవరకూ ఎవరికి తోచినచోట వాళ్లు ఇల్లో, దుకాణమో, కొలిమో పెట్టుకున్నారు. ఇకమీదట ఇళ్లకు పసుపు, దుకాణాలకు ఎరుపు, ఫ్యాక్టరీలకు ఊదా. ఏ చోట ఏ పనో నిర్ణయించేది కమిటీ. మ్యాపు మీద రంగు వేసేది రంగులక్క.

అందులో ఒక చిక్కుంది. బల్లను కాస్త వాల్చి, రంగును తడి ఆరకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క ఊపున లాగాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, అక్కడ గీతలా ఆరిపోతుంది. చూసినవాళ్లు దాన్నే హద్దనుకుంటారు.

తన వీధి దగ్గరికి వచ్చేసరికి రంగులక్క చెయ్యి ఆగింది. వీధి చివర నాన్న అద్దెకు తీసుకుని నడిపే సబ్బు బట్టీ ఉంది. దాని మీది గదుల్లోనే వాళ్ల కాపురం. పసుపు పడితే బట్టీ ఖాళీ చేయవలసిందే. తేరుకునేలోగా గీత ఆరిపోయింది, సరిగ్గా బట్టీ గోడ పక్కన.

"మంచిదేగా అమ్మాయ్," అన్నాడు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. "గీత ఎలాగూ పడింది. అవతల ఊదా వేసెయ్. కమిటీవాళ్లు చూడకుండానే సంతకం పెడతారు."

రంగులక్క ఇంటికెళ్లి నాన్నకు చెప్పింది.

"కమిటీ ఏమంది?" అన్నాడాయన.

"వీధంతా ఇళ్లకేనంది నాన్నా."

"మరి నీ చేతికేమొచ్చింది? సబ్బులవాడి పక్కనుండి కూడా తెల్లచీర కట్టే యోగం లేదని పక్కింటి పిన్నిగారు రోజూ దెప్పుతుంది. ఆరేసిన బట్టల నిండా మన మసే! పాపం, ఇకనైనా కట్టుకోనీ."

"మరి మనం?"

"ఊదా ఎక్కడుంటే అక్కడికి. ఊరంతటికీ మా అమ్మాయే రంగు వేస్తోందని చెప్పుకు తిరుగుతున్నా. నా గుమ్మం దగ్గరికొచ్చేసరికి వంకర పోయిందని చెప్పుకోమంటావా?"

మర్నాడు కొత్త కాగితం బిగించి మొదటి నుంచీ వేసింది. ఈసారి చెయ్యి ఆగలేదు. ఆ మ్యాపును ఊరందరికీ చూపించడానికి పెట్టిన సభలో గోడకు తగిలించినప్పుడు నాన్న వెనక వరుసలోంచి లేచి, పక్కాయన్ని భుజం తట్టి మరీ చూపించాడు.

"చూడవయ్యా, మా వీధిలో ఒక్క మరకుందేమో!"

రేట్లు పెరిగాయి, కాదనడానికి లేదు. అప్పటికి రంగులక్క వాళ్లు ఏటి అవతల, ఊదా రంగు పడిన చోట, కొత్త బట్టీ మీది గదుల్లో కాపురముంటున్నారు.