అత్త కోక

పొత్తి అంటే మెత్తని బట్ట అనీ, పొత్తిళ్లు అనే మాట అందులోంచే వచ్చిందనీ బడిలో పంతులు చెప్పాడు. పక్కింట్లో ఉండే మా మేనత్తకు అదే చెప్తే నవ్వింది.

"మెత్తన దానంతకదే యాడ వస్తాదిరా? కొత్తకోక గరుకే. కట్టి కట్టి, ఉతికి ఉతికి, మనిషి ఒళ్లు పట్టినాక అయితాది పొత్తి" అంటూ కొంగును చెంపకు రాసుకుంది. ఏ బట్ట ముట్టుకున్నా అలాగే చేసేది.

డోన్ దగ్గర మా ఊళ్లో పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయరు. పిల్లలు గల తల్లి కట్టి విడిచిన నూలుకోకను చించి అందులో చుడతారు. అత్తకు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆమె కోకలు వెన్నలా ఉండేవి. ఎవరూ అడిగేవారు కాదు. అయినా వీధిలో ఎవరికి నెలలు నిండినా ఒకటి ఉతికి, మడిచి, సిద్ధంగా పెట్టుకునేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా చెల్లెలు పుట్టింది. పురిటి మంచం మీది నుంచే మా అమ్మ, "వదినా, నీ కోక ఒకటి ఇయ్యి" అంది.

వాకిట్లో నిలబడిన అత్త తన ఇంటికి వెళ్లింది. మడిచి పెట్టుకున్న కోక తెచ్చింది. చెంపకు ఒకసారి రాసుకుని, లోపలికి రాకుండా గడప అవతల నుంచే చెయ్యి చాపింది.

"అంచు చించి పారెయ్యి అమ్మీ" అంది గొంతు తగ్గించి. "చూస్తే నా కోకని గుర్తుపడతారు."