పగులు దాటి

కాలేజీ నుంచి రాగానే శ్రీకర్ లుంగీ కట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. గ్యాస్ లైటర్లో ఉండే, నొక్కితే కరెంటు పుట్టే పింగాణీ బిళ్లలో పగులు ఎలా పెరుగుతుందో లెక్కగట్టడం అతని పరిశోధన. తెర మీద, లెక్క కోసం బిళ్లను విడగొట్టిన చిన్న త్రిభుజాలు పగులు కొసన చీమల్లా ముసురుతాయి. పగులు దాటి కరెంటు ఏమాత్రం పోదని ముందే అనుకుంటాడు. అలా అయితే లెక్క సులువు. ప్రయోగాలతో మాత్రం కలవదు.

అన్నదమ్ముల పంపకాలయ్యాక మానుకోటలోని వాళ్ల ఇంటి నడుమ ప్లైవుడ్ గోడ లేచింది. అవతల మిర్చి వ్యాపారం చేసే అన్న జగదీష్‌తో మాటల్లేవు. ఒక సాయంత్రం అటు మిర్చి బస్తా విప్పారు. ఆ ఘాటుకు శ్రీకర్‌కు దగ్గు ఆగలేదు. అవతల కూడా ఎవరో దగ్గారు. కాసేపటికి అన్న గొంతు వినిపించింది.

"తమ్మీ, జర నీళ్లు తాగు."

"తాగుతున్న అన్నా."

శ్రీకర్ చెంబు దించి, లెక్కలో "ఏమీ పోదు" అన్న చోట "కొంత పోతుంది" అని మార్చాడు.