లిఫ్టన్న నడిపిన పడవ

మా తమ్ముడు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించినా, అది కుందేలు తప్పేనని వాదిస్తాడు. ఇరవై ఆరేళ్లుగా లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు కాబట్టి వీధిలో అందరికీ లిఫ్టన్న. ఎవరింట్లో ఫ్యాను కిర్రుమన్నా, తలుపు గడియ పట్టకపోయినా పిలవకుండానే వెళ్లి సరిచేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చేస్తాడు. టీ తాగి వెళ్లమన్నా నిలబడడు. ఆ గుణం తెలిసినదాన్ని కాబట్టే ఈ ఆరు నెలలూ వాడితో వేగాను. మా ఇల్లు వాళ్లింటికి నాలుగు గుమ్మాల అవతలే ఉండడం నా అదృష్టమో, ప్రారబ్ధమో ఆ దేవుడికే తెలియాలి.

లిఫ్టు పైకీ కిందికీ తిరిగే నిలువు బావిని వాళ్లు షాఫ్టు అంటారు. అందులో పనిచేయాలంటే ఇద్దరుండాలి. ఒకడు పెట్టె నెత్తిమీద నిలబడతాడు, ఇంకొకడు పైన మోటారు దగ్గర ఉంటాడు. కిందివాడి ప్రాణం పైవాడి చేతిలో, పైవాడి మాట కిందివాడి చెవిలో. మా తమ్ముడికి పదేళ్లుగా ఒకడే జోడీదారు. చలికాలం మొదట్లో తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో తమ్ముడు పెట్టె మీద నిలబడి తాళ్లు చూస్తుండగా బ్రేకు జారింది. పెట్టె ఒక అంతస్తు మేర కిందికి పడి, ఆగింది. వాడి ఒంటిమీద గీత కూడా పడలేదు. జోడీదారు గుండెలు అరచేత పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి వీడు కడ్డీ పట్టుకుని, టీ తాగుదాం పద అన్నాడట. ఏమీ కాలేదనే మేమూ అనుకున్నాం. దేవుడికి దండం పెట్టుకుని ఊరుకున్నాం.

పది రోజుల తరువాత మొదలైంది. వంటగదిలో మూత జారితే చాలు, కుర్చీలోంచి లేచి గోడ పట్టుకునేవాడు. ముందు వణుకు, దాని వెనకే కోపం. మూతనీ, మూత పడేసినవాళ్లనీ, మూతలు చేసే ఫ్యాక్టరీనీ వరసపెట్టి తిట్టేవాడు. మా మరదలు, అంటే వాడి భార్య, గిన్నెల కింద పాత తువాళ్లు పరిచింది. బీరువా తలుపు చప్పుడు కాకుండా అరచేయి అడ్డుపెట్టి మూసేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆమె వంతు విసుగు కూడా నేనే పడ్డాను.

పనిలో ఇంకా అన్యాయం. రెండుసార్లు చేతిలోంచి పానా జారింది. రెండోసారి అది కింద ఉన్న జోడీదారు భుజం పక్కనుంచి పోయింది. అతను మంచివాడు, కానీ ఇద్దరు పిల్లల తండ్రి. అన్న కుదుటపడేదాకా అన్నతో షాఫ్టులోకి దిగనని కంపెనీలో చెప్పేశాడు. ఆ చెప్పిన రోజే మా ఇంటికొచ్చి నాతోనూ చెప్పి, తల వంచుకుని కూర్చున్నాడు. మూడు నెలల్లో ఆరోగ్యం బాగుందని ఉత్తరం తెస్తే పాత పని, తేకపోతే స్టోరు గదిలో సామాన్ల పని అని కంపెనీవాళ్లు తేల్చారు. మా తమ్ముడికి లిఫ్టు ఎక్కని పని పనే కాదు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నాలుగు మాటలు అడిగి, న్యూరోఫీడ్‌బ్యాక్ చేసే ఒక అమ్మాయి దగ్గరికి పంపాడు. కళ్లద్దాల దుకాణం పైన ఒక గది. రెండు కుర్చీలు, ఒక కర్టెను, రెండు కంప్యూటర్ తెరలు, ఆగిపోయిన గోడ గడియారం. వీడు కూర్చోకముందే గడియారం దించబోయాడు. వచ్చేవాళ్లలో కొందరికి ఆ టిక్కుటిక్కు పడదని తనే బ్యాటరీ తీసేశానని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. ఆ మాటకే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. వీడు మాత్రం నడవని గడియారం గోడకెందుకని గొణిగాడు.

తల మీద అక్కడక్కడ జిగురు రాసి చిన్న బిళ్లలు అంటించింది. వాటిలోంచి కరెంటు లోపలికి పోదనీ, మెదడులో పుట్టే సన్నటి అలల్ని కొలవడమే వాటి పని అనీ చెప్పింది. ఎదుటి తెర మీద ఒక నది, నదిలో పడవ. లోపల నెమ్మదిస్తే పడవ సాగుతుంది, బిగుసుకుంటే ఆగుతుంది.

"మీరేం చెయ్యక్కర్లేదండీ. అద్దంలో చూసుకున్నట్టు చూస్తూ కూర్చోండి. ఎలా ఉంటే సాగుతుందో మెదడే మెల్లగా నేర్చుకుంటుంది. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి అంతగా చెయ్యదు. మధ్యమధ్యలో మనం మాట్లాడుకుందాం కూడా" అంది.

ఏమీ చెయ్యక్కర్లేదన్న మాట మా తమ్ముడితో అనడమంటే, చేపతో ఈదొద్దని చెప్పడమే. మొదటి మూడుసార్లూ పడవ అంగుళం కదల్లేదు. పళ్లు బిగించి దాన్ని చూపులతో నెట్టాడు. ఇంటికొచ్చి, పడవకు బ్రేకు పట్టేసిందక్కా, ఆ అమ్మాయికి యంత్రం సంగతి తెలీదు అన్నాడు. నాలుగోసారి మాత్రం పడవ పరుగెత్తింది. అయిదోసారి ఇంకా. ఆ అమ్మాయి సంతోషంగా గీతల కాగితాలు అచ్చుతీసి ఇస్తే, వాటిని తెచ్చి ఫ్రిజ్ తలుపుకు వరసగా అంటించాడు.

ఇంట్లో చూస్తే కథ మామూలే. ఎనిమిదోసారి వెళ్లొచ్చిన సాయంత్రం పక్కింటివాళ్ల కిటికీ రెక్క కొట్టుకుంటే, చేతిలో పేపరు చించి పోగులు పెట్టాడు.

మరదలు ఆ ముక్కలు ఏరుతూ, "పడవ అవతలి ఒడ్డుకి చేరింది వదినా. ఈయనే ఇంకా ఎక్కలేదు" అంది.

తొమ్మిదోసారి నేనూ లోపలికి వెళ్లి పక్కగా కూర్చున్నాను. ఆ అమ్మాయి వాడి వెనక తన తెర చూసుకుంటోంది. నేను వాడి ముఖం చూశాను. రెప్పలు సగం వాల్చి, కనుగుడ్లు పైకి తిప్పి, నాలుక అంగిట్లో ఆనించి, తుమ్ము రాని మేకలా కూర్చున్నాడు. పడవ దూసుకుపోతోంది. గాలి పీల్చుకోవడానికి ముఖం మామూలు చేయగానే ఆగింది. మళ్లీ మేక ముఖం, మళ్లీ పరుగు.

మెట్లు దిగగానే నిలదీశాను. సిగ్గుపడతాడనుకుంటే మీసం దువ్వినంత పని చేశాడు.

"నాలుగోసారికే కనిపెట్టానక్కా. కళ్లు అలా తిప్పితే పడవ పరుగెత్తుతుంది. ఏ యంత్రానికైనా ఒక కిటుకుంటుంది. వచ్చే వారం ఆ అమ్మాయి ఉత్తరం ఇచ్చేస్తానంది."

"మూత పడితే ఉలిక్కిపడుతున్నావు కదరా, దాని సంగతేంటి?"

"షాఫ్టులో మూతలుండవు."

చెవిటివాడి ముందు శంఖం ఊది నాకే ఊపిరి ఆడలేదు. ఆ ఉత్తరం పట్టుకుని వీడు పెట్టె ఎక్కితే, పైనో కిందో ఆ పిల్లల తండ్రి ఉంటాడు. ఆ అమ్మాయికి చెప్పేస్తానన్నాను. చెబితే నా గుమ్మం తొక్కనన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. తమ్ముడి పరువు నిలబెట్టాలో, పరాయివాడి ప్రాణం నిలబెట్టాలో చెప్పమని దేవుణ్ని అడిగాను. ఆయనకు మాత్రం నాలా తొందరుంటుందా?

ఆదివారం ఉదయం జోడీదారు సంచీ నిండా బత్తాయిలు పట్టుకుని తమ్ముడింటికి వచ్చాడు. ఉత్తరం వస్తోందని విన్నాడట, ముఖమంతా వెలుగే. ఏమీ తెలియని ఆ సంతోషం చూడలేక నేను బత్తాయిలు ఒలుస్తూ కూర్చున్నాను. మాటల్లో అతను కిందటి వారం వెళ్లిన ఒక భవనం గురించి చెప్పాడు. అక్కడ తలుపు సరిగా పడక లిఫ్టు మాటిమాటికీ ఆగుతోందని, కాపలా ఉండేవాడు తలుపు స్విచ్చికి అడ్డంగా తీగముక్క చుట్టేశాడట. దాంతో తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నట్టే అనుకుని లిఫ్టు కదులుతోంది. ఒక ముసలావిడ అడుగు పెట్టబోయి, దేవుడి దయవల్ల వెనక్కి తగ్గిందట.

మా తమ్ముడు వాడి అలవాటు కొద్దీ లేచాడు. "బుద్ధుందా వాడికి? నడుస్తోంది కదా అంటాడు వెధవ. నడవడం ఎవడిక్కావాలిరా? తలుపు పడలేదని స్విచ్చి మొత్తుకుంటుంటే, దాని నోరు..."

అక్కడ ఆగాడు. నేను వాడి వైపు చూడలేదు, దేవుడిమీద ఒట్టు. బత్తాయి తొనలే చూస్తున్నాను. జోడీదారు ఏమైందన్నా అని అడిగాడు.

"నేనూ తీగే చుట్టాను" అన్నాడు తమ్ముడు. కళ్లు తిప్పే సంగతి చెప్పాడు. చేసి చూపించాడు కూడా. మరదలు వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

జోడీదారు నవ్వలేదు, తిట్టలేదు. ఒలిచిన బత్తాయి సగం చేసి వాడి చేతిలో పెట్టి, "మంచిదైంది. నేల మీదుండగా చెప్పావు" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లారు, వెనక నేను. సంగతి విని ఆమె, ముఖం చూడకుండా తెర చూస్తూ కూర్చోవడం తన పొరపాటని ఒప్పుకుంది. ఇకపైన తన కుర్చీ ఎదురుగా వేసుకుంటానంది. గీతలన్నీ పక్కనపెట్టి మొదటినుంచి మొదలుపెడదామంది. కంపెనీ పెట్టిన గడువు ఇంకా పదిహేను రోజులే. అంతలో ఏ ఉత్తరమూ ఇవ్వలేనని ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది.

"ఇవ్వండి మేడమ్. ఇంకా బాగవలేదని రాసివ్వండి. నేనే పట్టుకెళ్తాను" అన్నాడు మా తమ్ముడు.

తీసుకెళ్లి ఇచ్చాడు. ఆఫీసులో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, ఇలాంటి ఉత్తరం ఎవరూ తేరే అన్నాడట. ఆ పై సోమవారం నుంచి స్టోరు గదిలో పని. వారానికి రెండుసార్లు కళ్లద్దాల దుకాణం మెట్లెక్కుతాడు. పడవ ఒక్కోరోజు మూర కదులుతుంది, ఒక్కోరోజు అదీ లేదు. వచ్చి నా దగ్గర కూర్చుని, ఆ స్టోరులో బోల్టులూ నట్లూ ఒకే డబ్బాలో పోశారక్కా, ఇరవయ్యేళ్లుగా ఎవడూ సర్దలేదక్కా అని గంటసేపు సణుగుతాడు. ఆ గంటలో నాకు రెండుసార్లు కోపం వస్తుంది. మూడోసారి రాబోతుండగా, రేపు డబ్బాలకు చీటీలు రాయాలి, నీ దస్తూరి బాగుంటుంది, వచ్చి రాసిపెడతావా అంటాడు. రాసిపెట్టక చస్తానా?