అత్తకు అందని ఉట్టి

మా మేనత్త మారెక్క ఇంట్లో కొన్నేళ్లపాటు జరిగిన పోట్లాటంతా ఒక ఉట్టి గురించే. సోమందేపల్లె దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో, నిలబడి చెయ్యి చాస్తే పెరుగు కుండ అందేలా దూలానికి ఆ ఉట్టి తనే కట్టుకుంది. ఏళ్లు గడిచాక అది అందడం మానేసింది. కోడలు చౌడమ్మే తాడు పైకి లాగి కట్టిందనీ, ముసలిదాని నోటికి పెరుగు పోకూడదనే ఈ పన్నాగమనీ అత్త ఊరంతా చెప్పుకుంది.

చౌడమ్మ పాపం ఒట్లు పెట్టుకుంది. నేను చూశాను, దూలం మీది ముడి పొగచూరి నల్లగా బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఉట్టి పైకి పోలేదు, అత్తే కిందికి వచ్చింది. పెళ్లినాడు మామకంటే పొడుగని అందరూ ఎగతాళి చేసిన మనిషి, యాభై దాటీ దాటకముందే వీపు గూనయి నా భుజం దగ్గరికి దిగింది. ఆ మాట ఆమెతో అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. అత్త నోరు అలాంటిది.

అసలు ఆ ఉట్టి మీది పెరుగు ఆమె తిన్నదెప్పుడని? వెన్న తీసి కాచిన నెయ్యి సంతకు, మజ్జిగ మగవాళ్ల సంకటిలోకి, కుండ కడిగిన నీళ్లు ఆమెకు. కానుపైతే పత్యం. పాలు, పెరుగు, రాగి సంకటి, ఆకుకూర అన్నీ చలవ చేస్తాయని మానాలి. బిడ్డ పాలు మరిచేదాకా కొర్రన్నం, వెల్లుల్లి కారమే. ఆలోగా మళ్లీ కడుపు. కరువు వచ్చిన ఏడు ఆ కొర్రన్నమూ సగమే. నలభై రాకుండానే ముట్లు నిలిచిపోతే పీడ వదిలిందని సంతోషించింది.

ఒక్కసారి మాత్రం, రెండో కానుపులో, దాహానికి ఆగలేక దొంగతనంగా మజ్జిగ తాగింది. కొద్ది రోజులకే ఆ మగబిడ్డ జ్వరంతో పోయాడు. ఆ మజ్జిగే చంపిందని అత్త నమ్మింది. చౌడమ్మ మొదటి కానుపులో ఆ సంగతే చెప్పి చెప్పి కోడలి గుండెలో భయం పాతేసింది.

పంతొమ్మిది వందల అరవై మూడులో, చౌడమ్మ రెండోసారి నిండు నెలలతో ఉండగా, అత్త వాకిట్లో పేడతట్ట ఎత్తబోయి కూలబడింది. జారింది లేదు, ఎవరూ తోసింది లేదు. అంతమాత్రానికే తుంటి విరిగింది. బండి కట్టి పెనుకొండ ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ కానుపుల గురించి, తిండి గురించి, ముట్లు ఎప్పుడు నిలిచాయన్న దాని గురించి అడిగి, ఎముకలు లోపల గుల్లబారిపోయాయంది. బిడ్డలకు కావలసినదంతా నీ ఎముకల్లోంచే పోయింది, తిరిగి నీకు పెట్టినవాళ్లు లేరు, ముట్లు తొందరగా నిలిచాక మిగిలిందీ తరిగిపోయింది అని విడమరిచి చెప్పింది. గూనికీ కారణం అదేనంది. ఇక నడవడం కల్ల. కోడలినైనా కానుపులో పాలు, పెరుగు తిననివ్వమని చెప్పి పంపింది.

బండిలో అత్త దారి పొడవునా ఏడ్చింది. నొప్పికనుకున్నాం.

"చౌడమ్మను ఎన్ని మాటలంటిని. ఉట్టి యాడుండేది ఆడనే ఉండాది గదా" అంది.

చౌడమ్మకు కొడుకు పుట్టాడు. పురుడు వెళ్లాక అత్త మంచంలోంచే కోడల్ని పిలిచి, ఉట్టి మీది కుండ దింపి పెరుగు తినమంది. నేను అక్కడే ఉన్నాను.

"నువ్వే చెప్పింటివి గదత్తా, గుక్కెడు మజ్జిగకి బిడ్డ పోయినాడని" అంది చౌడమ్మ.

"తప్పు చెప్పినానే. వాడు జ్వరంతో పోయినాడు."

"అప్పుడు చెప్పింది తప్పో, ఇప్పుడు చెప్పేది తప్పో నాకెట్ల తెలుస్తాది? నా బిడ్డ మీద పెట్టి చూడమంటావా?"

పెళ్లానికి నువ్వైనా నచ్చజెప్పమని అత్త కొడుకు ఆంజినప్పను బతిమాలితే, ఆడోళ్ల సంగతి తనకెందుకని గొర్రెలు తోలుకొని పోయాడు. వాణ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

చౌడమ్మ చెడ్డది కాదు. డాక్టరమ్మ మాట అత్త వరకు బాగానే నమ్మింది. రోజూ ఉట్టి మీది కుండ దింపి, మీగడ కట్టిన పెరుగు గిన్నెలో వేసి మంచం దగ్గర పెట్టేది. నీ ఎముకలకి మంచిది, తినత్తా అని బుజ్జగించేది. బతుకంతా దొరకని పెరుగు ఎముక అతకని రోజుల్లో దొరికింది. కోడలి మనసు నొప్పించలేక అత్త ఏడుస్తూనే తినేది. ఎదురుగా చౌడమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని పాలిస్తూ, కొర్రన్నంలో వెల్లుల్లి కారం కలుపుకునేది.