తడి లేని కళ్ళు

జములమ్మ తల్లి ఖిల్లా ఘణపూర్‌లో, తన పెద్దకూతురు లలితమ్మ ఇంట్లో పోయింది. తన ఊరు గట్టు నుంచి జములమ్మ వచ్చేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. వచ్చిన ఆడవాళ్ళు అక్కచెల్లెళ్ళ మెడ పట్టుకుని, చెంపకు చెంప ఆనించి ఏడ్చారు. జములమ్మ తల్లి కాళ్ళు పట్టుకుని కూలబడింది. కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. నీరు మాత్రం రాలేదు.

దినాలయ్యాక బస్సు దగ్గర లలితమ్మ అననే అంది.

"అమ్మ నిన్నే ముద్దు జేసె. నీ కండ్లల్ల తడే లేదు గదనే."

జములమ్మ బస్సెక్కింది. ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే లూపస్ జబ్బు వచ్చినప్పటి నుంచి ఎండ తగిలితే ముఖం కందిపోయేది, వేళ్ళ కీళ్ళు పట్టేసేవి. అందుకే విత్తనపత్తి చేనుకు పొద్దు వాలాకే పోయేది. కళ్ళు గరగరలాడితే చేని దుమ్మే అనేది. ఇప్పుడు తన మీద తనకే అనుమానం. తల్లి మీద తనకు నిజంగానే ప్రేమ లేదా?

లూపస్ మాత్రలు మింగేవాళ్ళు ఏటా కళ్ళు చూపించుకోవాలి. ఆ ఏడు వనపర్తి దవాఖానకు లలితమ్మే తోడు వచ్చింది, ముఖం ముడుచుకునే. డాక్టర్ శైలజ కింది రెప్పలో సన్నని కాగితం ముక్క పెట్టి కళ్ళు మూసుకోమంది. కాసేపటికి తీసి చూసింది. పొడిగానే ఉంది.

"నీ కళ్ళల్లో తడి లేదమ్మా."

జములమ్మ ఉలిక్కిపడింది. "నువ్వు గూడ గదే అంటివా మేడం!"

డాక్టర్‌కు ఆ మాట అర్థం కాలేదు. తన పాటికి తాను చెప్పుకుపోయింది. "మాత్రల వల్ల కంటి లోపలి పొర ఏమీ చెడలేదు, మానొద్దు. ఇది లూపస్ చేసిన పని. కన్నీరు ఊరే గ్రంథులను దెబ్బతీసింది. చుక్కల మందు వేయకపోతే నల్లగుడ్డు మీద పుండ్లు పడతాయి."

"ఏడ్పొచ్చినా నీళ్ళు రావా?" లలితమ్మ అడిగింది.

"ఈమెకు రావు."

బయట బల్ల మీద లలితమ్మ మందు సీసా మూత తీసింది.

"తల ఎత్తు."

"నాకొస్తది తియ్యి."

"ఏందొస్తది నీకు? మొన్నటిదాక దుమ్ము దుమ్మంటివి."

జములమ్మ నవ్వి తల ఎత్తింది. చుక్క చల్లగా పడింది. కళ్ళు మూసుకునే, ఇన్నాళ్ళూ అడిగే హక్కు లేదనుకున్న మాట అడిగింది.

"అమ్మ ఆఖరికి నన్నడిగిందా అక్కా?"

"అడిగింది. చిన్నది తిన్నదా అన్నది."