ఒకటిన్నర జీబీ

పొద్దున రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి తెనాలిలో దిగడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. పదకొండేళ్లుగా మున్నీసా ఉద్యోగంలో సగం ఇదే. మిగతా సగం పెళ్లి ఆల్బమ్‌లు. పాండురంగారావు స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు పేరుస్తుంది. పెళ్లికూతురి మొహాన మొటిమలు చెరిపేస్తుంది, పెళ్లికొడుకు పొట్ట కాస్త లోపలికి నెడుతుంది, వెనకాల లేని పూలతోటలు మొలిపిస్తుంది. జనం మెచ్చుకునేది మాత్రం కెమెరా పట్టినవాణ్ణి.

2009లో, నలభై రెండో ఏట, ఆమెకు నడుంలో డిస్కు జారింది. రోజూ రైలు ప్రయాణం మానుకోమన్నాడు డాక్టరు. మానుకుంటే తిండెవరు పెడతారో ఆయన చెప్పలేదు. పని ఇంట్లోనే చేసి సీడీల్లో పంపితే ఈ రైలు బాధ తప్పుతుందని, కొట్లో అన్నిటికన్నా చవకైన చిన్న లాప్‌టాప్ కొన్నది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆల్బమ్ పేజీ తెరిచేసరికి నీరుగారిపోయింది. మౌసు కదిపితే తెర మీద బాణం అరనిమిషానికి కదిలేది.

మెమరీ చాలడం లేదని ఆమెకు అర్థమైంది. స్టూడియో కంప్యూటర్లో రెండు జీబీలున్నాయి కాబట్టి తానూ రెండు జీబీల మెమరీ ముక్కే తెచ్చి, అడుగున మూత విప్పి బిగించింది. చక్కగా కూర్చుంది. మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. తీసేస్తే మళ్లీ బతికింది. నాలుగుసార్లు తీసి పెట్టి, విసుగొచ్చి, తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే ఏసుబాబు ముందు పెట్టింది.

"ముక్క మంచిదే అక్కా. వేరే మెషీన్లో పనిచేస్తోంది."

"మరి దీనికేంటి రోగం?"

"రోగం కాదండి. దీని బోర్డు అంతవరకే. అరజీబీ తయారీలోనే అతికించేశారు, అది ఊడదు. పక్కన ఒక్కటే స్లాట్. అందులో ఒక జీబీ దాకా పెట్టొచ్చు. అంతా కలిపి ఒకటిన్నర. ఇంకా పెద్దది పెడితే అసలు లేవదు."

"పనిచెయ్యనప్పుడు స్లాట్‌లో పట్టేలా ఎందుకు చేశారయ్యా?"

"సైజు అన్నిటికీ ఒకటే అక్కా. కూర్చున్నంత మాత్రాన బోర్డు ఒప్పుకోదు. ఇది మెయిల్ చూసుకోడానికి, లెటర్లు కొట్టుకోడానికి చేసింది. కొనేముందు అడగాల్సింది."

ఈ ఆఖరి మాట అందరూ అంతా అయిపోయాకే చెబుతారు. మున్నీసాకు ఒళ్లు మండింది. అయినా ఒక జీబీ ముక్క పెట్టించుకుంది.

స్టూడియోకి రెండు రోజులు సెలవు పెట్టి, ఇంట్లో కూర్చుని దాని సంగతి తేల్చుకుంది. ఒక్కో ఫొటో తెరిచి మొహం శుభ్రం చెయ్యడం హాయిగా సాగుతోంది. పేజీలో మూడు ఫొటోలు పేర్చేదాకా లాప్‌టాప్ ఓర్చుకుంటుంది. నాలుగోది పెడితే కొయ్యబారిపోతుంది. తిట్టినా అంతే, ఆపి మళ్లీ పెట్టినా అంతే. మూడింటితో ఆపితే మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు. మున్నీసా తిట్టడం మానేసింది.

మూడో రోజు స్టూడియో మెట్లెక్కి లోపలికెళ్లేసరికి పాండురంగారావు ఎదురొచ్చాడు.

"ఏమ్మా, ఆ లాప్‌టాప్ కుదర్లేదంటగా? ఏసుబాబు చెప్పాడు. పోనీలే, ఎప్పట్లాగే వచ్చెయ్. ముహూర్తాలు ఎక్కువున్నాయి, ఆదివారాలు కూడా రావాల్సొస్తుంది."

"రాలేనండి," అంది మున్నీసా. ఆ మాట తన నోటినుంచే వచ్చిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. "వారానికి మూడు రోజులొచ్చి పేజీలు ఇక్కడ పేరుస్తాను. మొహాల పని ఇంట్లో చేసి తెస్తాను. అంతకు మించి నా వల్ల కాదు సార్."

ఇంకొకళ్లను చూసుకుంటానంటాడని గుండె దిటవు చేసుకుంది. ఆయన గోడ మీది క్యాలెండరు కేసి తిరిగాడు.

"ఏ మూడు రోజులమ్మా?"

అంతే. అరవలేదు, మొహం మాడ్చుకోలేదు. పదకొండేళ్లలో 'నా వల్ల కాదు' అనొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే అనలేదు. మున్నీసాకు సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. నడుం బాగున్నప్పుడే అడిగితే సరిపోయేది కదా అని.